చెడు వార్త సాయంత్రంలోగా చేరాలి: సరిహద్దు ఊళ్ళలో పనిచోటును నిలకడగా నడపడం ఎలా

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఆంధ్ర సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఈ ఒడిశా ఊళ్ళలో తెలుగువాళ్ళు నడిపే పనిచోట్లు చాలానే ఉన్నాయి. జీడిపప్పు యూనిట్లు, రైస్ మిల్లులు, బట్టల షాపులు, నర్సింగ్ హోములు, ప్రైవేటు బడులు, ఫైనాన్స్ బ్రాంచీలు. పది మంది నుంచి వంద మంది దాకా పనిచేస్తారు. హెచ్.ఆర్. అని విడిగా ఎవరూ ఉండరు. ఓనరు, ఆయన తమ్ముడు, ఒక అకౌంటెంటు, ఇద్దరు మేస్త్రీలు కలిస్తే అదే మేనేజ్‌మెంటు. ఈ మధ్య కొందరు విశాఖ నుంచో హైదరాబాదు నుంచో కన్సల్టెంటును పిలిపించి టార్గెట్లు, రేటింగులు, గోడ మీద 'ఈ నెల ఉత్తమ ఉద్యోగి' ఫొటోలు పెట్టిస్తున్నారు. మూడు నెలలు హడావిడి నడుస్తుంది. ఆ తర్వాత ఫొటో మార్చడం కూడా ఎవరికీ గుర్తుండదు.

నేను వేరే చోట మొదలుపెట్టమంటాను. ఒక పనిచోటు ఆరోగ్యంగా ఉందో లేదో తేల్చడానికి ఒక్క ప్రశ్న చాలు. అక్కడ ఏదైనా తేడా జరిగితే, దాన్ని మొదట చూసిన మనిషి దగ్గర్నుంచి ఓనరు దాకా ఆ కబురు చేరడానికి ఎంతసేపు పడుతోంది? గంటలోనా, సాయంత్రానికా, లేక నెలాఖరున స్టాకు లెక్క తేలినప్పుడా? టార్గెట్లు, ఇన్సెంటివులు, మీటింగులు అన్నీ ఈ ఆలస్యాన్ని తగ్గిస్తే పనికొస్తాయి, పెంచితే నష్టం చేస్తాయి.

ఉదాహరణలకు ఎక్కువగా జీడిపప్పు యూనిట్‌నే వాడుకుంటాను. పలాస పక్కనే ఉంది కాబట్టి గంజాం, గజపతి జిల్లాల తెలుగువాళ్ళకు ఈ పని బాగా తెలిసినదే. మీది వేరే వ్యాపారమైనా లెక్క ఇంచుమించు అదే.

మొదటి అడుగు: పాత నష్టాలు మూడు బయటికి తీయండి

గత ఆరు నెలల్లో జరిగిన మూడు నష్టాలు ఎంచుకోండి. తడిసిన బస్తాలు, వెనక్కి వచ్చిన సరుకు, చెప్పకుండా మానేసిన మంచి పనివాడు, ఏదైనా సరే. ఒక్కోదాని పక్కన మూడు సంగతులు రాయండి. ఇది మొదట ఎవరికి తెలిసింది, ఎప్పుడు తెలిసింది, మీ దాకా ఎప్పుడు వచ్చింది. మొదట తెలిసినవాళ్ళతో విడిగా మాట్లాడండి. "ఎందుకు చెప్పలేదు?" అని మాత్రం అడగొద్దు. అలా అడిగితే నేరం చేసినవాణ్ణి నిలబెట్టినట్టు ఉంటుంది. "అప్పుడు చెప్పాలంటే ఎవరికి చెప్పాలి? చెప్తే ఏమవుతుందనుకున్నారు?" అని అడగండి.

జవాబులు దాదాపు ఒకే రకంగా ఉంటాయి. "మేస్త్రీకి చెప్పానండి, ఆయన చూస్తానన్నారు." "బాబు ఆ రోజు కోపంగా ఉన్నారు." "చెప్తే నా కూలీలో కోస్తారనుకున్నా." ఈ మూడింట్లో మీ దగ్గర ఏది ఎక్కువగా వినిపిస్తుందో చూసుకుని, కింద చెప్పే అడుగుల్లో దేని మీద ఎక్కువ సమయం పెట్టాలో నిర్ణయించుకోండి. ఈ పనికి ఒక వారం ఇవ్వండి. ఆ వారంలో కొత్త రూలు ఒక్కటి కూడా పెట్టొద్దు.

రెండో అడుగు: కబురు ఏ భాషలో ఆగిపోతోంది?

హైదరాబాదు కన్సల్టెంటుకు తెలియనిదీ, మనకు రోజూ కళ్ళ ముందు కనిపించేదీ ఇదే. పర్లాకిమిడి దగ్గర ఒక యూనిట్‌లో నలభై మంది ఉంటే, ఆఫీసులో తెలుగు, అకౌంట్లలో ఒడియా, పీలింగ్ హాల్లో, అంటే గింజ పొట్టు తీసే చోట, సగం మంది ఇళ్ళలో సవర, లారీ డ్రైవరుతో హిందీ నడుస్తుంటాయి. రాయగడ వైపు వెళ్తే కువి మాట్లాడేవాళ్ళు ఉంటారు. ఓనరు మీటింగు ఒడియాలో పెట్టి, అది అయ్యాక తన మనుషులతో తెలుగులో రెండు నిమిషాలు మాట్లాడతాడు. అసలు నిర్ణయం ఆ రెండు నిమిషాల్లోనే జరిగిందని మిగతావాళ్ళందరికీ అర్థమవుతుంది. తమను తిట్టుకున్నారని కూడా అనుకుంటారు. ఒక్కోసారి అది నిజమే.

అందుకని కొన్ని కట్టుబాట్లు పెట్టుకోండి. పని గురించిన మాట అందరికీ తెలిసిన భాషలోనే జరగాలి. మీటింగు ముగిశాక పక్క మీటింగు ఉండకూడదు. బోర్డు మీద రాసేది ఒడియాలోనూ తెలుగులోనూ ఉండాలి. అంకెలు పెద్దగా రాయాలి, చదవడం రానివాళ్ళ కోసం బస్తా, ట్రే, గడియారం లాంటి బొమ్మలు గీయాలి. సవర మాట్లాడే వాళ్ళలో ఒకరిని ఎంచుకుని, మీరు చెప్పింది వాళ్ళ భాషలో చెప్పించడంతో ఆగకుండా, వాళ్ళు చెప్పేది మీకు తిరిగి చెప్పించండి. ఈ రెండో సగాన్ని అందరూ మరిచిపోతారు. ఆ పని చేసే మనిషికి దానికోసం విడిగా డబ్బివ్వండి, ఊరికే చేయించుకోవద్దు.

మేనేజర్లు నాలుగు మాటలు నేర్చుకోవడం కూడా పెద్ద కష్టమేం కాదు. పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. మనకు అంత అక్కర్లేదు. "నొప్పిగా ఉందా?", "మిషన్ ఆపు", "తడిగా ఉంది", "డబ్బు సరిగ్గా వచ్చిందా?" అనేంత వస్తే చాలు.

భాష తర్వాత వచ్చేది చుట్టరికం. మేస్త్రీ ఓనరుకు మేనల్లుడో బావమరిదో అయినప్పుడు, మేస్త్రీ గురించిన చెడు వార్త మేస్త్రీ ద్వారానే రావాల్సి వస్తుంది. అది రాదు. చుట్టాన్ని తీసేయమని నేను చెప్పను, మన ఊళ్ళలో అది జరిగే పని కాదు. రెండో దారి ఒకటి తెరవండి. వారంలో ఒక పూట ఓనరు భార్యో, అకౌంటెంటో, ఎవరో ఒకరు మేస్త్రీ లేనప్పుడు హాల్లో కూర్చోవాలి. అది ఎప్పుడన్నది అందరికీ తెలియాలి. మేస్త్రీకి కూడా ముందే చెప్పాలి, లేకపోతే వెనకాల నిఘా పెట్టారనుకుంటాడు.

మూడో అడుగు: ఏది కొలుస్తున్నారో తిరగేసి చూడండి

పీలింగ్‌లో కూలీ కిలోకి ఇస్తారు. ఎక్కువ కిలోలు చేసినవాళ్ళకు ఎక్కువ డబ్బు. న్యాయంగానే కనిపిస్తుంది. కానీ జీడిపప్పు ధరంతా గింజ విరగకుండా ఉండడంలోనే ఉంది. విరగని గుండు ఒక ధర, రెండుగా చీలిన బద్ద ఒక ధర, ముక్క ఇంకో ధర. గుండులో కూడా డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని గ్రేడులుంటాయి. ఆ అంకె పౌనుకు సుమారుగా ఎన్ని గింజలు తూగుతాయో చెబుతుంది. అంకె చిన్నదైతే గింజ పెద్దది, ధర ఎక్కువ.

ఇద్దరు పనివాళ్ళను అనుకుందాం. ఒకామె వేగంగా చేస్తుంది, వంద కిలోల్లో 15 కిలోలు ముక్కలు చేస్తుంది. ఇంకొకామె నిదానం, ఆమె దగ్గర 5 కిలోలే విరుగుతాయి. లెక్క కోసం గుండు కిలో 800, ముక్క 600 అనుకుందాం. మొదటామె చేసిన వంద కిలోలు 77,000 రూపాయలు తెస్తాయి. రెండో ఆమె చేసినవి 79,000 తెస్తాయి. కూలీ కిలోకి కాబట్టి ఇద్దరికీ వంద కిలోలకు మీరిచ్చేది ఒకటే. అంటే వేగం వల్ల మీకు కూలీలో పైసా మిగల్లేదు, సరుకులో రెండు వేలు పోయాయి. అయినా బోర్డు మీద మొదటి పేరు మొదటామెదే, పండక్కి చీర ఆమెకే. మిగతా హాలంతా దీన్ని చూసి నేర్చుకుంటుంది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది, చాలామంది ఓనర్లు దీన్ని వదిలేస్తారు. విరగడానికి పీలింగ్ చేసే మనిషే కారణమని తేల్చడానికి లేదు. జీడిపిక్క సరిగ్గా ఉడక్కపోతే కటింగ్‌లోనే గింజ చిట్లుతుంది. డ్రయ్యర్‌లో ఎక్కువ ఎండితే పెళుసుబారుతుంది. తక్కువ ఎండితే పొట్టు వదలదు, కత్తితో గీకాల్సి వస్తుంది, గీకితే గింజ విరుగుతుంది. రాత్రి డ్రయ్యర్ దగ్గర ఉన్నవాడు చేసిన తప్పుకు పొద్దున పీలింగ్ బల్ల దగ్గర కూర్చున్నామె కూలీ పోతుంది. ఆమెకు కారణం చేత్తో పట్టుకోగానే తెలుస్తుంది. చెప్పే దారి లేకపోతే మెదలకుండా పని కానిస్తుంది, సాయంత్రానికి బ్యాచ్ మొత్తం ముక్కలైపోతుంది.

కాబట్టి కొలిచేటప్పుడు జంటగా కొలవండి. కిలోలు, వాటి పక్కన గుండు శాతం. ఫైనాన్స్ బ్రాంచి అయితే వసూలు, దాని పక్కన ఫిర్యాదులూ మళ్ళీ వచ్చిన ఖాతాదారులూ. బట్టల షాపు అయితే అమ్మకం, దాని పక్కన వెనక్కి తెచ్చిన బట్ట. ఒక పనికి రెండు అంకెలు చాలు, మూడు దాటితే ఎవరూ చూడరు. శాతాన్ని మనిషి పేరు మీద కన్నా బ్యాచ్ పేరు మీద రాస్తే, తప్పు డ్రయ్యర్‌దా బల్లదా అన్నది మనుషులు తమలో తామే మాట్లాడుకుంటారు. పేర్లతో ర్యాంకులు పెట్టి గోడకు అంటించడం నాకు నచ్చదు. పక్కామెకు సాయం చేస్తే తన ర్యాంకు పడిపోతుందంటే ఎవరు చేస్తారు? మైక్రోసాఫ్ట్ అంత పెద్ద కంపెనీయే ఉద్యోగుల్ని ఒకరితో ఒకరిని పోల్చి ర్యాంకు వేసే పద్ధతిని 2013లో మానేసింది.

ఒంటరి అంకె వెంట పరిగెత్తితే ఏమవుతుందో తెలియడానికి రెండు సంగతులు చాలు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో ఖాతాదారుకు వీలైనన్ని ఖాతాలు అంటగట్టమని సిబ్బందిని తరిమింది. సిబ్బంది ఖాతాదారులకు తెలియకుండానే లక్షల సంఖ్యలో ఖాతాలు తెరిచారు. 2016లో ఆ బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అంతకు ముందే ఇదే వ్యవహారంలో సుమారు 5,300 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఇక మన దగ్గర, మైక్రోఫైనాన్స్ వసూళ్ళ ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఆ తర్వాత రాష్ట్రంలో వసూళ్ళే కుప్పకూలాయి. ఫీల్డులో తిరిగే కుర్రాళ్ళకు ఊళ్ళో ఏం జరుగుతోందో ముందే తెలుసు. పైకి మాత్రం వసూలు శాతం ఒక్కటే వెళ్ళింది.

నాలుగో అడుగు: ఏడాది క్యాలెండరు ముందే గీయండి

నిలకడ అంటే ప్రతి నెలా ఒకే వేగం అనుకుంటారు. మన ప్రాంతంలో అది కుదరదు. జీడిపిక్క దిగుబడి మార్చి నుంచి మే దాకా, అదీ ఎండలు మండే కాలం. జూన్ మధ్యలో రజ పండగ. ఆ మూడు రోజులూ ఒడియా ఇళ్ళలో ఆడవాళ్ళకు పని నుంచి సెలవు, ఊయలలు ఊగుతారు. పీలింగ్ హాల్లో ఉండేది ఎక్కువగా ఆడవాళ్ళే కదా, ఆ వారం డెలివరీ ఒప్పుకుని తర్వాత "ఎవరూ రాలేదు" అని తిట్టుకోవడం ఎవరి తప్పు? వానాకాలంలో ఊడ్పులు, నవంబరు, డిసెంబరుల్లో కోతలు. ఈ రెండింటి మధ్య దసరా, దీపావళికి జీడిపప్పు గిరాకీ పెరుగుతుంది. బరంపురంలోనైతే రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర వస్తుంది. ఆ ఏడాది షాపుల గిరాకీ, సిబ్బంది సెలవులు రెండూ మారిపోతాయి. సంక్రాంతికి తెలుగువాళ్ళు వెళ్తారు.

ఒక చార్టు మీద పన్నెండు నెలలు గీసి, ప్రతి నెల కింద మూడు గీతలు రాయండి. ఎంత పని ఉంటుంది, ఎంతమంది వస్తారు, ఎండ ఎంత. ఇది పనివాళ్ళతో కలిసి కూర్చుని రాయాలి, ఎవరి ఊరి జాతర ఎప్పుడో మీకు తెలియదు. పని ఎక్కువ, మనుషులు తక్కువ ఉన్న నెలలకు ఆర్డర్లు ముందే తగ్గించుకోండి, లేదా సరుకు ముందే తయారుచేసి పెట్టుకోండి. పూర్తి శక్తికి ఆర్డర్లు ఎప్పుడూ ఒప్పుకోవద్దు. అయిదో వంతు ఖాళీ ఉంచితే ఒకరికి జ్వరం వచ్చినా, బాయిలర్ ఆగినా మిగతావాళ్ళ నెత్తిన పడదు. ఎండాకాలంలో పని పొద్దున ఆరింటికే మొదలుపెట్టి, మధ్యాహ్నం ఆపి, చల్లబడ్డాక మళ్ళీ నడపొచ్చు. అయితే మధ్యలో ఇంటికి వెళ్ళడానికి దూరమైనవాళ్ళకు ఫ్యానూ చాపా ఉన్న గది ఉండాలి, లేకపోతే అది సౌకర్యం పేరుతో పెట్టిన శిక్షే.

గంటల విషయంలో చట్టం చెప్పేది తేలిక. వారానికి 48 గంటలు, ఆపైన ప్రతి గంటకూ రెట్టింపు కూలీ, వారానికో సెలవు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఇచ్చిన అంచనా చూడండి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్ళతో పోలిస్తే 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్ళకు పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. ఇది ఓనర్లకు కూడా వర్తిస్తుందని నా మిత్రుల్లో కొందరికి గుర్తుచేయాల్సి వస్తోంది.

రాత్రి ఎనిమిది తర్వాత వాట్సాప్ గ్రూపులో పని మాటలు వద్దు. గుడ్ మార్నింగ్ ఫొటోల్ని ఆపడం మాత్రం నా వల్ల కాలేదు, మీ వల్ల అవుతుందేమో చూడండి.

అయిదో అడుగు: మాట్లాడే అలవాటు

ఏడాదికోసారి అప్రైజల్ మన చిన్న చోట్లకు పనికిరాదు. దాని బదులు రెండు అలవాట్లు పెట్టుకోండి.

ఒకటి, రోజూ పని మొదలయ్యేటప్పుడు నిలబడి పది నిమిషాలు. నిన్న ఏం తేడా వచ్చింది, ఇవాళ ఏం అడ్డు రావచ్చు. అంతే. ఓనరు ఉపన్యాసం ఇవ్వకూడదు, చివర్లో మాట్లాడాలి. మొదట మాట్లాడాల్సింది అందరికంటే కొత్త మనిషి. ఓనరు తన అభిప్రాయం ముందే చెప్పేస్తే మిగతావాళ్ళు తలూపడం తప్ప ఏం చేస్తారు?

రెండోది, నెలకోసారి ఒక్కొక్కరితో ఇరవై నిమిషాలు. నలభై మంది ఉంటే ఓనరు ఒక్కడే చేయలేడు, మేస్త్రీలకు నేర్పాలి. ఇలా ఉంటే చాలు:

"అప్పా, ఈ నెల పని ఎలా నడిచింది?"
"బాగానే ఉంది బాబూ."
"బాగాలేనిది ఒకటి చెప్పండి. చిన్నదైనా పర్లేదు."
"కత్తి మొద్దుబారింది. రెండు వారాలైంది."
"ఎవరికైనా చెప్పారా?"
"చెప్పాను. కొత్తవి వస్తాయన్నారు."
"ఎల్లుండి లోపు నేను తెప్పిస్తాను. రాకపోతే నన్నే అడగండి."

ఎల్లుండికి ఆ కత్తి రావాలి. ఈ గైడంతటిలో మీరు ఒక్కటే చేయగలిగితే ఇదే చేయండి. ఒక కత్తి అన్న టైముకు వస్తే ఆ మధ్యాహ్నానికే హాలంతా తెలుస్తుంది. రాకపోతే, వచ్చే నెల నుంచి ప్రతి ఒక్కరూ "బాగానే ఉంది బాబూ" దగ్గరే ఆగిపోతారు.

చెడు వార్త తెచ్చిన మనిషి ముందు మొదటి అర నిమిషం చాలా ముఖ్యం. అప్పుడు మొహం చిట్లించినా, "మళ్ళీ ఏమైంది?" అన్నా, మీరు ఎన్ని మీటింగులు పెట్టినా లాభం లేదు. "చెప్పి మంచి పని చేశారు. ఇప్పుడు ఏం ఆపాలి?" అని అలవాటు చేసుకోండి. ఎవరు చేశారన్నది రేపు చూసుకోవచ్చు. టొయోటా ఫ్యాక్టరీల్లో లోపం కనిపిస్తే లైనులో పనిచేసే ఎవరైనా తాడు లాగి సాయం పిలవొచ్చు, అవసరమైతే లైనే ఆగుతుంది. మీ బల్ల దగ్గర తాడు అక్కర్లేదు. తడి బ్యాచ్ అనిపిస్తే ట్రే పక్కన పెట్టి చెయ్యెత్తే హక్కు, ఆ టైముకు కూలీ కోయబోమన్న హామీ ఉంటే చాలు. కూలీ కిలోకి ఇచ్చేచోట ఈ హామీని గంట లెక్కన కట్టి ఇవ్వాలి, లేకపోతే అది ఉత్త మాటే.

నలుగురిలో తిట్టడం మానేయండి. తిట్టకపోతే భయం ఉండదని కొందరంటారు. నిజమే, ఉండదు.

ఆరో అడుగు: డబ్బు, నీళ్ళు, భద్రత

ఇక్కడ ఎక్కువ చెప్పను, ఎందుకంటే తెలియక కాదు, చేయకపోవడమే సమస్య. కూలీ చెప్పిన తేదీకి పడాలి. కోత ఉంటే కారణం ముందే చెప్పాలి. ఈ.ఎస్.ఐ. (ఉద్యోగుల బీమా) వర్తించే చోట కూలీలో పనివాళ్ళ వాటా 0.75 శాతం, మీది 3.25 శాతం, జమ అయిందో లేదో వాళ్ళకు ఫోనులో చూపించండి. బోనస్ చట్టం వర్తిస్తే కనీసం 8.33 శాతం ఇవ్వాలి. అది మీరు పెట్టే బహుమతి కాదు కాబట్టి స్వీటు డబ్బాతో కలిపి ఉపన్యాసం చెప్పొద్దు. ఇన్సెంటివు పెడితే జట్టుకు పెట్టండి, లెక్క ఎలా కట్టారో బోర్డు మీద రాయండి.

మరుగుదొడ్డి సరిగ్గా లేని చోట ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు. మేలో నీళ్ళు తాగని మనిషి మధ్యాహ్నానికి తలనొప్పితో కూర్చుంటుంది, చేతులు నెమ్మదిస్తాయి. మీరు దాన్ని బద్ధకం అనుకుంటారు. టార్గెట్ బోర్డు కొనే ముందు దొడ్డికి తలుపు, గొళ్ళెం, నీళ్ళు, చెత్తబుట్ట చూడండి. జీడి నూనె అంటి చేతులు పొక్కకుండా కటింగ్ వాళ్ళకు గ్లౌజులు కావాలి, అవీ వాళ్ళ చేతికి సరిపోయే సైజులో. పది మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ తప్పనిసరి. దానికి అధ్యక్షురాలు సీనియర్ ఉద్యోగిని కావాలి, బయటి సభ్యులు ఒకరు ఉండాలి. ఓనరు మరదల్ని అధ్యక్షురాలిగా పెట్టి కాగితం నింపితే ఫిర్యాదు ఎవరూ ఇవ్వరు.

ఏడో అడుగు: పని చేయనివాళ్ళ సంగతి

ఇంత చెప్పాక "మరి ఊరికే కూర్చునేవాడి సంగతేంటి?" అని అడుగుతారు. అడగాల్సిందే. ఒకడు తప్పించుకు తిరుగుతుంటే మిగతావాళ్ళు ఆ బరువు మోస్తూ మిమ్మల్నే చూస్తుంటారు.

ముందు పని ఏమిటో స్పష్టంగా చెప్పారా లేదా చూసుకోండి. తర్వాత నేర్పారా, పనిముట్టు ఇచ్చారా, ఆ పని అతనికి పడుతుందా చూడండి. కటింగ్‌లో నిలవలేనివాడు గ్రేడింగ్‌లో బాగా కుదురుకోవచ్చు, కళ్ళు చురుకైతే. ఇవన్నీ అయ్యాక కూడా మారకపోతే ఆరు వారాల గడువు పెట్టి, వారానికోసారి ఎక్కడున్నాడో చెప్పి, ఆఖరికి మర్యాదగా, రావాల్సిన డబ్బంతా ఇచ్చి పంపండి. చుట్టమైతే గడువు ఇంకో వారం కూడా పెంచొద్దు, అందరూ చూసేది అక్కడే.

దీనికంటే కష్టం, బాగా పనిచేస్తూ పక్కవాళ్ళను తొక్కేసే మనిషి. అతని అంకెలు బాగుంటాయి. అతని జట్టులోంచి మాత్రం కబురు ఒక్కటీ బయటికి రాదు, మనుషులు ఒక్కొక్కరే మాయమవుతారు. గంజాం నుంచి సూరత్ మగ్గాలకు వెళ్ళే కుర్రాళ్ళందరూ కూలీ కోసమే వెళ్ళారనుకోవద్దు. ఇలాంటి మేస్త్రీ కింద పనిచేసి విసిగిపోయి వెళ్ళినవాళ్ళు కూడా ఉంటారు. ఆ మనిషికి మనుషుల మీద అధికారం తీసేసి పని మాత్రమే ఇవ్వండి, జీతం తగ్గించకుండా. ఒప్పుకోకపోతే వదులుకోండి. ఆ నెల ఉత్పత్తి పడిపోతుంది. అది ముందే లెక్కలో వేసుకోండి.

మూడు నెలల తర్వాత ఏం చూడాలి

మొదటి అడుగులో రాసిన కాగితం మళ్ళీ తీయండి. కొత్తగా జరిగిన మూడు తేడాలు తీసుకుని, మొదట ఎవరికి, ఎప్పుడు తెలిసింది, మీకు ఎప్పుడు తెలిసింది రాయండి. ఆలస్యం రోజుల నుంచి గంటలకు దిగాలి. పండగకు వెళ్ళినవాళ్ళలో ఎంతమంది అన్న రోజుకు తిరిగొచ్చారు, జీతం పడిన మర్నాడు ఎంతమంది రాలేదు అన్నవి కూడా చూడండి.

ఒక్క విషయంలో కంగారు పడొద్దు. మొదటి రెండు నెలల్లో మీ చెవిన పడే తప్పుల సంఖ్య పెరుగుతుంది. ఆస్పత్రుల్లో నర్సుల జట్ల మీద ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు పనిచేసినప్పుడు, మంచి జట్లలోనే మందుల తప్పులు ఎక్కువగా నమోదైనట్టు కనిపించి మొదట ఆశ్చర్యపోయారు. ఆ జట్లు తప్పులు ఎక్కువ చేయడం లేదు, దాచకుండా చెబుతున్నాయి, అంతే తేడా అని తర్వాత అర్థం చేసుకున్నారు. మీ రిజిస్టరులో కూడా అదే జరుగుతుంది. ఒక నెలంతా ఏ తేడా నమోదు కాలేదంటే ఆ నెలే అనుమానించి, ఒక పూట డ్రయ్యర్ దగ్గరికి వెళ్ళి కూర్చోండి.

రెండో యూనిట్ ఉంటే అక్కడ ఇదంతా ఒకేసారి పెట్టొద్దు. ఇక్కడి నుంచి ఒక మేస్త్రీని, ఒక పీలింగ్ మనిషిని నెల రోజులు అక్కడికి పంపండి. వాళ్ళు చెప్తే వింటారు, మీరు చెప్తే తలూపుతారు.